మళ్ళీ దొరికిన శిలీంధ్రాలు, లైకెన్లు: మన శ్రీకాకుళం వైపు ఒక జాతి పోయిందని ఎప్పుడు అనవచ్చు?

ప్రశ్న: మందస అధ్యాపకురాలు

సభ్యులందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా మందస ప్రాంతంలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. మా పాఠ్యపుస్తకంలో లైకెన్ల గురించి ఉన్నది కొద్ది వాక్యాలే. శిలీంధ్రమూ, నాచు వంటి శైవలమూ కలిసి ఒకే దేహంగా బతుకుతాయని, గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పెరిగితే అవి బతకలేవని చెప్పి పాఠం ముందుకు వెళ్ళిపోతుంది. అంతకు మించి తెలుసుకోవాలని చదువుతున్నప్పుడు, చిలీ దేశంలోని నహువెల్‌బూటా పర్వతాల్లో 1980లలో సేకరించిన తరువాత ఎవరికీ కనిపించకుండా పోయిన ‘పెద్ద ప్యూమా’ అనే పుట్టగొడుగు 2023లో మళ్ళీ దొరికిందన్న విషయం నా దృష్టికి వచ్చింది. ఇంగ్లండులో క్యూ ఉద్యానవన శాస్త్రవేత్తలు 2014లో మొదలుపెట్టి, దశాబ్దాలుగా కనబడని వంద జాతులను స్వచ్ఛంద పరిశీలకుల సాయంతో వెతికించారని కూడా చదివాను.

ఇవి చదివినప్పటి నుంచి మా ప్రాంతం గురించి కొన్ని సందేహాలు నన్ను వదలడం లేదు. మహేంద్రగిరి దిగువ పల్లెల్లో పెద్దవారిని అడిగితే, తొలకరి వానలు పడిన కొద్ది రోజులకు ఫలానా గట్టు మీద, ఫలానా తోపులో ఏటా పుట్టకొక్కులు వచ్చేవని, ఇప్పుడు ఆ చోట్ల రావడం లేదని చెబుతున్నారు. వారు గుర్తుపట్టే రకాలు మూడు నాలుగు ఉన్నాయి; ఒక్కోదానికి రుచి వేరు, వచ్చే నెల వేరు. ఇలా రావడం మానేసిన రకాన్ని ‘అంతరించిపోయింది’ అనవచ్చా? అసలు శిలీంధ్రం విషయంలో ఆ నిర్ణయానికి శాస్త్రవేత్తలు ఎలా వస్తారు? ఇంకొక సందేహం ఉద్దానం కొబ్బరిచెట్ల గురించి. అక్కడి ముదురు చెట్ల మొదళ్ళ మీద తెల్లని, బూడిదరంగు మచ్చలుగా లైకెన్లు విరివిగా ఉండేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వల్ల ఆ చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. వాటితోపాటు ఆ లైకెన్ జాతులు కూడా పోయి ఉంటాయా, లేక కొత్త చెట్ల మీదికి తిరిగి వస్తాయా? చివరిగా, మా విద్యార్థులు దేనికీ హాని చేయకుండా ఈ విషయంలో ఉపయోగపడే పని ఏదైనా చేయగలరా అన్నది తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

జవాబు: నాగావళి ఒడ్డు

మేడం గారూ, మీ మొదటి ప్రశ్నతోనే ఆరంభిస్తాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. నేను శిలీంధ్రాల మీద పరిశోధన చేసి, ప్రస్తుతం విజయనగరంలో ఉంటున్నాను.

మనం పుట్టగొడుగు అని కోసి తెచ్చుకునేది ఆ జీవి మొత్తం కాదు. సిద్ధబీజాలను, అంటే విత్తనాల్లా పనిచేసే సూక్ష్మ రేణువులను, వెదజల్లడానికి అది కొద్దిరోజులు పైకి పంపే భాగం మాత్రమే. అసలు దేహం నేలలోనో, కుళ్ళిన మానులోనో సన్నని దారాల అల్లికగా ఏడాది పొడవునా ఉంటుంది. అమెరికాలోని ఒరెగాన్ అడవిలో ఒకే ఒక ఆర్మిల్లేరియా శిలీంధ్రం తొమ్మిది చదరపు కిలోమీటర్లకు పైగా నేలలో వ్యాపించి ఉందని శాస్త్రవేత్తలు తేల్చారు. అంతటి జీవి కూడా వాన, ఉష్ణోగ్రత, ఆహారం కుదరని ఏడాది పైకి ఒక్క గొడుగు పంపకపోవచ్చు. కాబట్టి పులి కనబడకపోవడానికీ పుట్టగొడుగు కనబడకపోవడానికీ చాలా తేడా ఉంది. సరైన వారంలో, సరైన చెట్టు కింద, దానిని గుర్తుపట్టగలిగిన మనిషి నిలబడి ఉంటేనే అది నమోదవుతుంది.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం నియమాల ప్రకారం ఒక జాతిని అంతరించినదిగా ప్రకటించాలంటే, దాని చివరి జీవి కూడా చనిపోయిందనడంలో సహేతుకమైన సందేహం మిగలకూడదు. అందుకోసం అది ఇదివరకు ఉన్న, ఉండడానికి వీలున్న చోట్లన్నిటా, అది కనబడే రుతువులో, తగినంత కాలం వెతికి ఉండాలి. శిలీంధ్రాల విషయంలో ఇంత వెతుకులాట జరగడం చాలా అరుదు. ఇప్పటికి పేరు పెట్టి వర్ణించిన శిలీంధ్ర జాతులు సుమారు లక్షన్నర. భూమి మీద మొత్తం 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉండవచ్చని 2017లో వేసిన అంచనా. ఆ సంఘం వారి రెడ్ లిస్టులో పరిస్థితిని మదింపు చేసిన శిలీంధ్ర జాతులు 2025 మార్చి నాటికి దాదాపు 1,300 మాత్రమే. కనుక ‘దశాబ్దాలుగా కనబడలేదు’ అన్న మాట ఎక్కువ సందర్భాల్లో వెతికేవారి చరిత్రను చెబుతుంది కానీ ఆ జీవి చరిత్రను చెప్పదు. క్యూ వారి అన్వేషణలో జాతులు మళ్ళీ దొరకడానికి ముఖ్యమైన కారణం ఇదే: ఏ జాతి, ఏ మొక్క మీద, ఏ నెలలో చూడాలో స్పష్టంగా చెప్పి, ఓపిక ఉన్న మనుషులను ఆ చోటికి పంపారు.

ఇక మీ పల్లెల పుట్టకొక్కులు. పుట్టల దగ్గర, తొలకరి తరువాత గుంపుగా వచ్చి, లాగితే వేరులాంటి పొడవైన కాడతో ఊడివచ్చేవి అయితే అవి టెర్మిటోమైసిస్ ప్రజాతికి చెందినవి. ఈ ప్రజాతికి ఆ పేరు పెట్టి వర్ణించినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్, 1942లో. వీటి బతుకు చెదపురుగులతో ముడిపడి ఉంది. చెదపురుగులు ఎండుటాకులను, పుల్లలను నమిలి, గూటి లోపలి గదుల్లో మెత్తని తేనెపట్టు ఆకారంలో పేరుస్తాయి. దాని మీద ఈ శిలీంధ్రాన్ని పెంచి, అది జీర్ణం చేసిన పదార్థాన్ని, అది కాసే తెల్లని చిన్న ఉండలను తింటాయి. చెదపురుగు లేకుండా ఆ శిలీంధ్రం లేదు. ఆ శిలీంధ్రం లేకుండా ఆ రకం చెదపురుగుకు తిండి లేదు. పైకి కనబడే పుట్ట లేకపోయినా, నేల కింద గూడు ఉంటే పుట్టకొక్కు రావచ్చు.

ఇందులో గమనించవలసిన మెలిక ఒకటి ఉంది. పుట్టకొక్కు పైకి రాకపోయినా గూటిలో శిలీంధ్రం బతికే ఉండవచ్చు కనుక మీ గట్టు మీద అది ‘పోయింది’ అని చెప్పలేము. అయితే ఈ ప్రజాతిలో ఎక్కువ జాతుల విషయంలో, కొత్తగా గూడు కట్టుకున్న చెదపురుగుల తొలి పనివాళ్ళు బయటి నుంచి సిద్ధబీజాలను తెచ్చుకుంటేనే వాటి తోట మొదలవుతుంది. అంటే పైకి గొడుగులు రావడం మానేస్తే పాత గూళ్ళకు వెంటనే ఇబ్బంది లేదు గానీ, కొత్త గూళ్ళకు విత్తనం కరువవుతుంది. కాబట్టి మీ పెద్దవారు చెబుతున్నది చిన్న సంగతి కాదు. ఆ గట్టును ట్రాక్టరుతో లోతుగా దున్నారా, పుట్టలను చదును చేశారా, చెదల మందు వేశారా, తోపులోని ఆకురాలును ఏటా తగలబెడుతున్నారా అని అడిగి రాసుకోండి. కారణం చాలావరకు అక్కడే బయటపడుతుంది.

అడవి పుట్టగొడుగుల సంగతి ఇంకొక రకం. సీతంపేట కొండల్లో, అంటే ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిన ప్రాంతంలో, గుగ్గిలం చెట్లు ఉన్నాయి. గుగ్గిలం వేళ్ళతో రుస్సులా వంటి పుట్టగొడుగులు పొత్తు పెట్టుకుని ఉంటాయి. చెట్టు చక్కెర ఇస్తుంది, శిలీంధ్రం నీరు, భాస్వరం అందిస్తుంది. జీడిమామిడి వేళ్ళకూ పొత్తు శిలీంధ్రాలు ఉన్నాయి కానీ అవి వేరే వర్గానివి, అవి గొడుగులు కట్టవు. కాబట్టి గుగ్గిలం పోయి జీడితోట వచ్చిన కొండ మీద ఆ పాత పుట్టగొడుగులు ఎందుకు రావడం లేదని అడగనవసరం లేదు. ఆతిథ్యం ఇచ్చే చెట్టే లేదు. ఇలాంటి చోట మాత్రం, ఆ కొండ వరకు, పోయిందని నిస్సందేహంగా రాయవచ్చు.

జవాబు: ఉద్దానం రైతు

కొబ్బరి మొదళ్ళ మీది మచ్చల గురించి అడిగారు కనుక రాస్తున్నాను. మాది వజ్రపుకొత్తూరు మండలం. నేను శాస్త్రం చదువుకున్నవాడిని కాను కానీ, చెట్టును రోజూ చూసేవాడిని.

మా వైపు చాలామంది రైతులు ఆ మచ్చలను తెగులు అనుకుంటారు. కొందరు కత్తితో గీకిస్తారు, కొందరు బోర్డో మిశ్రమం పూయిస్తారు. మచ్చలు నిండుగా ఉన్న చెట్టు కాపు బాగానే ఇవ్వడం, మచ్చ ఒక్కటీ లేని చెట్టుకు మొవ్వుకుళ్ళు రావడం రెండూ నేను చూశాను. ఆ మచ్చకూ చెట్టు ఆరోగ్యానికీ సంబంధం లేదని నాకు అనుభవం మీద తెలిసింది; దీనికి శాస్త్రపరమైన వివరణ ఏమిటో తెలిసినవారు చెప్పాలి.

తిత్లీ తరువాత సంగతి. పడిపోయిన చెట్టు మొదలు మీద మచ్చలు వెంటనే పోలేదు. తరువాతి వానాకాలానికి మొదలు కుళ్ళి బెరడు మెత్తబడి ఊడిపోయేసరికి అవీ పోయాయి. తుపాను తరువాత నాటిన మొక్కల మొదళ్ళు ఇంకా చాలావరకు శుభ్రంగానే ఉన్నాయి. కానీ గాలికి నిలబడిన ముదురు చెట్టు పక్కన నాటిన వాటి మీద, ముఖ్యంగా ఉత్తరం వైపు, చిన్న తెల్లటి చుక్కలు కనబడుతున్నాయి. ముదురు చెట్టు ఒక్కటీ మిగలని తోటలో మాత్రం నాకు ఇంకా ఏమీ కనబడలేదు. మా పనసచెట్టు, రెండు పెద్ద మామిడిచెట్లు తుపానుకు నిలిచాయి. వాటి మీద ఆకుల్లాగా లేచి ఉండే బూడిద ఆకుపచ్చ రకం కూడా ఉంది. మేడం గారు విద్యార్థులను తీసుకువస్తే తోట చూపించడానికి నాకు అభ్యంతరం లేదు.

జవాబు: రాతిపువ్వు, విజయనగరం

ఉద్దానం రైతు గారు గమనించిన విషయం చాలా విలువైనది. దానికి సమాధానం చెప్పి, ఆ తరువాత లైకెన్ల రాకపోకల చరిత్రలోకి వెళతాను.

లైకెన్ చెట్టు నుంచి ఆహారం తీసుకోదు. దానిలో ఉన్న శైవలం, లేదా కొన్ని జాతుల్లో ఉండే నీలి ఆకుపచ్చ బాక్టీరియా, ఎండతో సొంతంగా ఆహారం తయారుచేసుకుంటుంది. నీరు, ఖనిజాలు వాన నుంచి, మంచు నుంచి, ధూళి నుంచి వస్తాయి. చెట్టు దానికి నిలబడే చోటు మాత్రమే. అందువల్ల గీకించడం వల్ల చెట్టుకు మేలు లేదు, బెరడుకు గాయం మాత్రం అవుతుంది. బోర్డో మిశ్రమంలో ఉన్న రాగి శిలీంధ్రాలను చంపేది కనుక లైకెన్లోని శిలీంధ్రానికి కూడా అది విషమే. మొవ్వుకుళ్ళు వంటి తెగులు నిజంగా ఉన్నప్పుడు ఆ మందు వాడక తప్పదు. మచ్చలను చూసి మొదలంతా పూయించడం మాత్రం అనవసరం.

ముదురు చెట్టు పక్కనే కొత్త చుక్కలు రావడానికి కారణం ఉంది. లైకెన్లు రెండు విధాలుగా వ్యాపిస్తాయి. శిలీంధ్రమూ శైవలమూ రెండూ ఉన్న పొడిరేణువులు రాలి, గాలికో, వానజల్లుకో, చీమ కాలికో అంటుకుని పక్క చెట్టు చేరతాయి. ఇవి ఎక్కువ దూరం వెళ్ళవు. రెండో మార్గం సిద్ధబీజాలు. అవి చాలా దూరం పోగలవు కానీ వాటిలో శిలీంధ్రం మాత్రమే ఉంటుంది, దిగిన చోట తగిన శైవలం దొరికితేనే లైకెన్ ఏర్పడుతుంది. కాబట్టి నిలిచిన ఆ పనస, మామిడి చెట్లు, ముదురు కొబ్బరులు ఆ ప్రాంతం మొత్తానికి విత్తనపు చెట్లు. ఉద్దానంలో ఏయే జాతులు తిరిగి వస్తాయన్నది అలాంటి చెట్లు ఎన్ని మిగిలాయో, ఎంత దూరంలో ఉన్నాయో దాని మీద ఆధారపడి ఉంటుంది.

లైకెన్లు పోయి తిరిగి రావడానికి నాకు తెలిసిన అత్యంత స్పష్టమైన ఉదాహరణ పారిస్ నగరంలోని లక్సెంబర్గ్ ఉద్యానం. ఫిన్లండ్ దేశస్థుడైన విలియం నైలాండర్ 1866లో ఆ తోటలోని లైకెన్ల జాబితా ప్రచురించాడు. నగరంలో మిగతాచోట్ల లేనివి ఈ తోటలో ఉన్నాయంటే ఇక్కడి గాలి శుభ్రంగా ఉన్నదనడానికి అది గుర్తు అని ఆయనే రాశాడు. బొగ్గుపొగ పెరిగి, ఆ శతాబ్దం ముగిసేలోపే ఆ తోటలో లైకెన్లు లేకుండా పోయాయి. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ తగ్గాక, దాదాపు వందేళ్ళ తరువాత, లైకెన్లు మళ్ళీ వచ్చాయని 1991లో శాస్త్రపత్రికలో ప్రకటించారు. ఆ ప్రకటన చేయగలిగారంటే నైలాండర్ రాసిపెట్టిన జాబితా ఉండబట్టే. ఆ జాబితా లేకపోతే 1991లో చూసినవారికి అవి తిరిగి వచ్చినవని తెలిసే మార్గం లేదు. ఎప్పుడూ ఉన్నవే అనుకునేవారు.

ఆ నైలాండరే మన దేశానికీ సంబంధం ఉన్నవాడు. కలకత్తా వృక్షోద్యానంలో పనిచేసిన సుల్పిజ్ కుర్జ్ ఆ నగర పరిసరాల్లో సేకరించి పంపిన లైకెన్లను పరిశీలించి, 1860లలో వాటికి పేర్లు పెట్టి ప్రచురించాడు. అందువల్ల కలకత్తాలో ఏమి పోయింది, ఏమి మిగిలింది అన్న ప్రశ్నను మన శాస్త్రవేత్తలు ఈ శతాబ్దంలో అడగగలిగారు. మన వైపు చూస్తే, విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను చిత్రకారులతో గీయించి 1795 నుంచి ప్రచురించాడు. కానీ ఆ పని ప్రధానంగా పూలమొక్కల మీద. చెట్టు పట్ల చూపిన ఆ శ్రద్ధ చెట్టు బెరడు మీది జీవికి దక్కలేదు. మన జిల్లాల లైకెన్ల విషయంలో నన్ను బాధపెట్టే సంగతి ఇదే. పోయిన తరువాత బాధపడడానికి కూడా ఒక పాత జాబితా ఉండాలి.

అయితే అన్నీ ఏదో ఒక రోజు తిరిగి వస్తాయని అనుకోవడం కూడా సరికాదు. తిరిగి వచ్చేవాటిలో ఎక్కువ భాగం త్వరగా పెరిగి, ఎరువుల ధూళిని, నత్రజనిని తట్టుకునే జాతులు. ముసలి చెట్ల బెరడు మీదే, తేమ నిలిచే నీడలోనే బతికేవి అంత తేలికగా రావు. ఎరియోడెర్మా పెడిసెల్లాటం అనే లైకెన్ కెనడాలోని కాంపొబెల్లో ద్వీపంలో 1902లో దొరికిన నమూనా ఆధారంగా 1911లో పేరు పొందింది. ఆమ్ల వర్షాలు, చెట్ల నరికివేత వల్ల చాలాచోట్ల అది పోయింది, స్వీడన్‌లో కూడా పోయింది. 2003లో దానిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా రెడ్ లిస్టులో చేర్చారు. ఆ తరువాత న్యూఫౌండ్లాండ్ అడవుల్లో విస్తృతంగా వెతికితే ఎంతో ఎక్కువగా ఉన్నట్టు తేలింది, అలాస్కాలో కూడా దొరికింది. ఒకే జాతి ఒకచోట నిజంగా పోయింది, మరొకచోట ఎవరూ చూడక దాగి ఉంది. రెండు మాటలూ నిజమే, రెండింటినీ విడివిడిగా రాయాలి.

గుర్తింపు విషయంలో ఒక హెచ్చరిక. మన ఇళ్ళలో బిర్యానీకి వాడే రాతిపువ్వు కూడా లైకెనే. కిరాణా కొట్టులో ఆ పేరుతో అమ్మే పొట్లంలో సాధారణంగా ఒకటి కాదు, పర్మోట్రీమా తోపాటు రెండు మూడు వేరే ప్రజాతులు కలిసి ఉంటాయి. చేతిలో పట్టుకున్న ఎండు నమూనాలోనే ఇంత కలగాపులగం ఉన్నప్పుడు, బెరడు మీది పల్చని పొరను ఫోటో చూసి జాతి చెప్పడం కష్టం. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క, బ్లీచింగ్ ద్రావణం చుక్క వేసి రంగు మార్పు చూసే పరీక్షలను 1866లో ప్రవేశపెట్టినవాడూ నైలాండరే. నేటికీ ప్రతి లైకెన్ పరిశీలకుడి బల్ల మీద ఆ రెండు సీసాలు ఉంటాయి. ఆ పైన సూక్ష్మదర్శిని, అవసరమైతే డీఎన్ఏ.

జవాబు: సాలూరు పాఠకురాలు

పై సభ్యులు కోత గురించి ప్రస్తావించకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మా సంతలో తొలకరి తరువాత పుట్టకొక్కులను గొడుగు విప్పుకోకముందే మొగ్గగా ఉన్నప్పుడే పీకి తెస్తారు, ఎందుకంటే వాటికే ధర ఎక్కువ. గొడుగు విప్పుకోకపోతే సిద్ధబీజాలు రాలవు కదా. కొండల్లో అవి తగ్గిపోవడానికి ఇదే ముఖ్య కారణమని నా అభిప్రాయం. అమ్మకం మీద నియంత్రణ ఉండాలి.

జవాబు: నాగావళి ఒడ్డు

సాలూరు పాఠకురాలు గారి ఆందోళన సహజమే కానీ, కోతనే ముఖ్య కారణంగా నిర్ధారించడానికి ముందు ఒక అధ్యయనాన్ని గుర్తుచేయాలి. స్విట్జర్లాండ్‌లో ఒక అడవిలో కొన్ని మడులలో పుట్టగొడుగులను ఏటా పూర్తిగా కోస్తూ, పక్క మడులను తాకకుండా వదిలి, 29 ఏళ్ళ పాటు లెక్కించారు. 2006లో ప్రచురించిన ఫలితం ప్రకారం కోత వల్ల ఆ తరువాతి ఏడాదుల్లో పుట్టగొడుగుల సంఖ్య గానీ, జాతుల సంఖ్య గానీ తగ్గలేదు. తగ్గింది కాలితొక్కుడు వల్ల. మనుషులు తిరిగి నేల గట్టిపడిన చోట గొడుగులు తక్కువగా వచ్చాయి.

అది చల్లని దేశపు అడవి, అక్కడి పుట్టగొడుగులు చెదపురుగుల మీద ఆధారపడినవి కావు. నేను ముందు చెప్పినట్టు మన పుట్టకొక్కులకు కొత్త గూళ్ళ కోసం సిద్ధబీజాలు అవసరం కనుక, కొన్నింటిని విప్పుకోనిచ్చి వదలడం మంచిదే. ఆ మేరకు మీ మాటతో ఏకీభవిస్తాను. కానీ ఆ పుట్టకొక్కులు అమ్ముకుని నాలుగు డబ్బులు చూసుకునే సవర, జాతాపు కుటుంబాల మీద నియంత్రణ పెట్టి, పుట్టలను యంత్రాలతో చదును చేయడాన్ని వదిలేస్తే అది న్యాయం కాదు, ఫలితమూ ఉండదు. ఎక్కడ, ఏ నెలలో, ఏ రకం వస్తుందో ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకున్నవారు వాళ్ళే. చిలీలో ఆ పుట్టగొడుగును వెతకడానికి పాత నమూనా మీద రాసిన చోటు ఎలా దారి చూపిందో, ఇక్కడ ఈ మనుషుల జ్ఞాపకం అలాంటి దారి చూపుతుంది. వారి పేరు, వారి గ్రామం పేరు బయటపెట్టాలా వద్దా అన్నది వారి ఇష్టానికే వదిలి, వారు చెప్పినది వారి మాటల్లోనే రాసుకోవాలి.

మందస అధ్యాపకురాలు

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. వచ్చే తొలకరికి విద్యార్థులతో రెండు పనులు చేయించాలని అనుకుంటున్నాను. పల్లెల్లో పెద్దవారిని అడిగి పుట్టకొక్కుల రకాలు, వచ్చే చోటు, నెల, చివరిసారి చూసిన ఏడాది రాయించడం ఒకటి. ఉద్దానం రైతు గారి తోటలో తుపానుకు నిలిచిన చెట్లను, వాటి చుట్టూ నాటిన మొక్కలను గుర్తుపెట్టి, మొదలు మీది లైకెన్లను ఏటా ఒకే ఎత్తులో ఫోటో తీయించడం మరొకటి. నమూనాలు సేకరించవలసి వస్తే ఎలా ఎండబెట్టాలి, ఎవరికి పంపాలి, అనుమతులు ఏమైనా కావాలా? శ్రీముఖలింగం ఆలయ శిలల మీద, శాలిహుండం కొండ మీద కూడా లైకెన్లు కనబడతాయి, అక్కడా పరిశీలించవచ్చా?

జవాబు: రాతిపువ్వు, విజయనగరం

శ్రీముఖలింగం, శాలిహుండం పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. అక్కడ ఫోటోతో సరిపెట్టుకోవాలి. శిల నుంచి చిన్న పెచ్చు కూడా తీయకూడదు. రాతి మీద గట్టిగా అంటుకుని పెరిగే జాతులు చాలావరకు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు కనుక, అరచేయంత మచ్చను గీకితే పోయేది ఎన్నో దశాబ్దాల పెరుగుదల. రిజర్వు అడవిలో ఏది తీసుకున్నా అటవీశాఖ అనుమతి ముందుగా కావాలి. మహేంద్రగిరి శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. ఆ కొండను ఆ రాష్ట్ర ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది కనుక అటువైపు ఎక్కితే ఆ రాష్ట్రపు అనుమతి వేరు. రైతు తోటలో అయితే రైతు అంగీకారం చాలు. మీ గ్రామ పంచాయతీకి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉంటే, 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద అది తయారయ్యేది, విద్యార్థులు సేకరించిన పుట్టకొక్కుల వివరాలను అందులో చేర్చమని జీవవైవిధ్య కమిటీని కోరండి.

లైకెన్ నమూనాకు నిలువెత్తు చెట్టును ముట్టుకోనవసరం లేదు. గాలికి రాలిన కొమ్మలు, నరికిన మొదళ్ళు చాలు. బెరడుతో సహా చిన్న ముక్క తీసి, నీడలో ఆరబెట్టి, కాగితపు కవరులో పెట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు, బూజు పడుతుంది. కవరు మీద తేదీ, గ్రామం, చెట్టు పేరు, నేల నుంచి ఎత్తు, మొదలులో ఏ దిక్కు అన్నవి పెన్సిలుతో రాయండి; పెన్ను రాత తడికి చెరిగిపోతుంది. పుట్టగొడుగు అయితే కోసిన రోజే గొడుగు పైభాగం, కింది రేకలు, కాడ మొదలు వరకు ఫోటో తీయాలి. ఒక గొడుగును తెల్లకాగితం మీద బోర్లించి రాత్రంతా ఉంచితే సిద్ధబీజాల రంగు ముద్ర పడుతుంది. ఆ కాగితాన్ని నమూనాతోనే దాచాలి. తరువాత దానిని సన్నని వేడి గాలికి, సుమారు 40 డిగ్రీల దగ్గర, పెళుసుగా అయ్యేదాకా ఎండబెట్టాలి. వంటపొయ్యి మీద పెడితే ఉడికిపోయి, తరువాత డీఎన్ఏ తీయడానికి పనికిరాదు. శిలీంధ్రాల గుర్తింపుకు ప్రామాణికంగా 2012లో ఎంచుకున్న ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని చదవాలంటే నమూనా ఇలా ఎండి ఉండడం ముఖ్యం. పేరు తెలియని పుట్టగొడుగును గుర్తింపు కోసం ఎవరూ రుచి చూడకూడదని విద్యార్థులకు మొదటిరోజే గట్టిగా చెప్పండి.

నమూనాలను మీ కళాశాలలోనే ఉంచితే కొన్నేళ్ళకు పురుగు తింటుంది. లైకెన్లకు లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ హెర్బేరియం, అంటే ఎండబెట్టిన నమూనాలను భద్రపరిచే చోటు, ఉంది. మన దేశంలో లైకెన్ల అధ్యయనానికి పునాది వేసిన ధరణీధర్ అవస్థి గారి సేకరణలు అక్కడే ఉన్నాయి. శిలీంధ్రాలకు పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థలో హెర్బేరియం ఉంది. ముందుగా వారికి ఫోటోలతో రాసి, వారు అడిగినవే పంపండి. ప్రతి నమూనాలో సగం మీ దగ్గర ఉంచుకోండి. వారు సంఖ్య కేటాయిస్తే ఆ సంఖ్యను మీ పుస్తకంలో, ఆ చెట్టు వివరాల ఎదురుగా రాసుకోవాలి.

తోటలో ఫోటోలకు ఒక సూచన. కొబ్బరి మొదలుకు నేల నుంచి ఒక మీటరు ఎత్తున నాలుగు దిక్కులా, పక్కన చిన్న స్కేలు పెట్టి తీయండి. మేకు కొట్టి గుర్తు పెట్టవద్దు, పెయింటు వేయవద్దు. రైతు గారి దగ్గర తోట వరసలు, చెట్టు సంఖ్యలతో ఒక పటం గీయించుకుంటే సరిపోతుంది. ఉద్దానం రైతు గారూ, ఆ నిలిచిన పనస, మామిడి చెట్లకు వచ్చే ఏడాది మందు కొట్టవలసి వస్తే, కొట్టిన తేదీ, మందు పేరు మేడం గారికి తెలియజేయండి. ఆ వివరం లేకపోతే మూడో ఏట మచ్చలు తగ్గినప్పుడు కారణం ఎవరికీ తెలియదు.

జవాబు: ఉద్దానం రైతు

తప్పకుండా. మందు కొట్టిన తేదీలు ఎలాగూ నా పుస్తకంలో ఉంటాయి. తిత్లీ తరువాతివన్నీ ఉన్నాయి, ఆ పేజీల నకలు కూడా ఇస్తాను. మేడం గారు విద్యార్థులను కాయకోత అయిన వారంలో తీసుకురండి, అప్పుడు తోటలో పనివాళ్ళు ఉండరు, పైనుంచి కాయలు పడతాయన్న భయమూ ఉండదు.